పిలిచినా వెళ్ళని జట్టు: నోటర్ డేమ్ బౌల్ ఆటల కథ

2025 డిసెంబర్ 7, ఆదివారం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి వెళ్ళే 12 జట్ల పేర్లు టీవీలో చదివారు. ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లోని నోటర్ డేమ్ యూనివర్సిటీ పేరు అందులో లేదు. మొదటి రెండు ఆటలు ఓడి, తర్వాత వరసగా 10 గెలిచిన జట్టు అది. ప్లేఆఫ్ దక్కని మంచి జట్టుకి ఏదో ఒక బౌల్ ఆట (సీజన్ చివర విడిగా పెట్టే ప్రత్యేక ఆట) నుంచి పిలుపు రావడం మామూలే. నోటర్ డేమ్ అదే రోజు ఆ పిలుపునూ వద్దనేసింది. సీజన్ అక్కడితో సరి.

కొత్తల్లుడి అలక అని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఆత్మగౌరవం అని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈ జట్టు పాత చరిత్ర తెలిసినవాళ్ళకి మాత్రం అది పెద్ద వింతగా తోచదు. బౌల్ పిలుపును కాదనడంలో నోటర్ డేమ్‌కి ఉన్నంత అనుభవం పెద్ద జట్లలో ఇంకెవరికీ లేదు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ చదువుకోవడానికి వెళ్ళిన తెలుగు కుర్రాళ్ళలో చాలామందికి దీనితో తొలి పరిచయం ఒకటే: శనివారం పూట క్యాంపస్ దరిదాపుల్లో కారు పెట్టడానికి చోటు దొరక్కపోవడం.

బౌల్ అన్న పేరు స్టేడియం ఆకారం నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలోని పాసడీనాలో కొత్త సంవత్సరం రోజున గులాబీల ఊరేగింపు జరిగేది. ఆ సందడికి తోడుగా 1902 జనవరి 1న ఒక ఫుట్‌బాల్ ఆట పెట్టారు. మిషిగన్ 49-0తో స్టాన్‌ఫర్డ్‌ను చిత్తు చేసింది. ఆట ఎంత చప్పగా సాగిందంటే, నిర్వాహకులు కొన్నేళ్ళు ఫుట్‌బాల్ పక్కన పెట్టి రథాల పందేలు నడిపారు. 1916లో మళ్ళీ ఫుట్‌బాల్ వచ్చింది. 1922లో గిన్నెలాంటి పెద్ద స్టేడియం కట్టి దానికి రోజ్ బౌల్ అని పేరు పెట్టాక, ఆటకీ అదే పేరు స్థిరపడింది. 1935లో మయామీ వాళ్ళు ఆరెంజ్ బౌల్, న్యూ ఓర్లీన్స్ వాళ్ళు షుగర్ బౌల్ మొదలుపెట్టారు. 1937లో డాలస్ కాటన్ బౌల్ వచ్చింది. ఏ ఊరి సరుకు ఆ ఊరి పేరు. గుంటూరులో పుట్టి ఉంటే మిర్చి బౌల్ అయ్యేది.

అసలు ఉద్దేశం పర్యాటకం. ఉత్తరాన మంచు కురిసే రోజుల్లో ఎండ కాసే ఊళ్ళకి జనాన్ని రప్పించాలి, హోటళ్ళు నిండాలి. కాబట్టి ఏ జట్టుని పిలవాలో ఆ ఊరి నిర్వాహకులే చూసుకునేవాళ్ళు. బాగా ఆడే జట్టు కావాలి, నిజమే. దానితో పాటు రైలెక్కి, తర్వాతి రోజుల్లో విమానమెక్కి వచ్చే అభిమానులు కూడా కావాలి. లీగ్ ఆటల్లా పాయింట్లు లెక్కగట్టి అర్హత తేల్చే పద్ధతి లేదు. పెళ్ళి పిలుపుల్లాంటి వ్యవహారం ఇది. ఎవరొస్తే పందిరి నిండుతుందో వాళ్ళకి ముందు కార్డు వెళ్తుంది. నోటర్ డేమ్ కథ అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

నోటర్ డేమ్ తొలి బౌల్ 1925 జనవరి 1 నాటి రోజ్ బౌల్. కోచ్ నూట్ రాక్నీ. గ్రాంట్‌లాండ్ రైస్ అనే పత్రికా రచయిత 'నలుగురు గుర్రపు రౌతులు' అని రాసి దేశమంతా మోగించిన నలుగురు కుర్రాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. వాళ్ళలో ఒకడైన ఎల్మర్ లేడెన్ ఆ రోజు మూడు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గోల్ గీత దాటించడం, ఒక్కోదానికి ఆరు పాయింట్లు) చేశాడు. అందులో రెండు, స్టాన్‌ఫర్డ్ విసిరిన బంతిని మధ్యలో అందుకుని 78 గజాలు, 70 గజాలు పరిగెత్తి చేసినవి. స్కోరు 27-10. ఓటమే లేని సీజన్, జాతీయ చాంపియన్‌షిప్ రెండూ దక్కాయి.

ఆ తర్వాత 45 ఏళ్ళు ఇంకో బౌల్ ఆడలేదు.

పిలుపులు రాక కాదు. యూనివర్సిటీయే వద్దనుకుంది. కాలిఫోర్నియా ప్రయాణమంటే ఆ రోజుల్లో రైల్లో వారాల తరబడి తిరగడం. సీజన్ అంత సాగితే చదువులు ఏమవుతాయన్నది పైకి చెప్పిన కారణం. ఫుట్‌బాల్ ఆడించడానికే నడుస్తున్న కాలేజీ అన్న మాట పడకూడదన్న పట్టింపూ ఉంది. ఇది కేథలిక్ సంస్థ. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్న ఆనాటి అమెరికాలో చదువులో ఎవరికీ తీసిపోమని చూపించుకోవాల్సిన అవసరం దానికి ఎక్కువ. పొరుగున ఉన్న బిగ్ టెన్ కూటమి కాలేజీలు కూడా రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా బౌళ్ళకి దూరంగానే ఉన్నాయి, అంచేత ఇది మరీ ఒంటరి నిర్ణయమేమీ కాదు. వాళ్ళు 1947 నుంచి రోజ్ బౌల్‌కి వెళ్ళసాగారు. నోటర్ డేమ్ ఇంకో రెండు దశాబ్దాలకు పైగా కదల్లేదు.

ఈ నియమం వల్ల దానికి నష్టం ఏమైనా జరిగిందా అంటే, లేదనే చెప్పాలి. 1929, 1930, 1943, 1946, 1947, 1949, 1966. బౌల్ ఆడకుండానే ఏడు జాతీయ చాంపియన్‌షిప్‌లు. అదెలాగంటే, ఆ రోజుల్లో చాంపియన్ ఎవరో తేల్చే ఆట లేదు. 1936 నుంచి పత్రికా రచయితలు ఓటు వేసేవాళ్ళు. ఏపీ ర్యాంకులు అంటారు (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్). చాలాకాలం పాటు ఆ చివరి ఓటింగ్ బౌళ్ళకి ముందే అయిపోయేది. బౌల్ ఫలితానికి ఏ విలువా లేదు, అదొక విహారయాత్ర. 1966లో నోటర్ డేమ్ మిషిగన్ స్టేట్‌తో 10-10 డ్రా చేసుకుని, ఇంట్లో కూర్చుని చాంపియన్ అయింది. అదే ఏడాది షుగర్ బౌల్ కూడా గెలిచి 11 ఆటల్లో 11 నెగ్గిన అలబామాకి మూడో స్థానం దక్కింది. అలబామాలో ఆ కడుపుమంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

1968 నుంచి ఏపీ వాళ్ళు చివరి ఓటింగ్‌ని బౌళ్ళ తర్వాతకి మార్చేశారు. ఇంట్లో కూర్చుంటే ఇక కిరీటం రాదు. ఆ మరుసటి సీజన్‌లోనే, 1969లో, నోటర్ డేమ్ నియమం సడలింది. బౌల్ నుంచి వచ్చే డబ్బుని మైనారిటీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లకి వాడతామని యూనివర్సిటీ చెప్పింది. ఆ మాట అబద్ధం అనుకోనక్కర్లేదు. కానీ కాలం చూస్తే ఓటింగ్ మార్పు ప్రభావం లేదనడం కష్టం.

వాళ్ళు తలుపు తీయగానే పిలుపుల లెక్క ఎలా పనిచేస్తుందో బయటపడింది. 10 ఆటల్లో 9 గెలిచిన లూసియానా స్టేట్, నంబర్ వన్ టెక్సస్‌తో కాటన్ బౌల్ ఆడతామని ఆశపడి ఉంది. నోటర్ డేమ్ వస్తానంటే డాలస్ వాళ్ళు ఇంకెవరి వైపు చూస్తారు? లూసియానా స్టేట్ ఆ ఏడాది ఏ బౌలూ ఆడలేదు. 1970 జనవరి 1న టెక్సస్ 21-17తో గెలిచింది. మరుసటి ఏడు అవే జట్లు, అదే మైదానం. ఈసారి నోటర్ డేమ్ 24-11తో నెగ్గి, వరసగా 30 ఆటలు గెలిచిన టెక్సస్ పరుగుకి అడ్డుకట్ట వేసింది.

అలాగని పాత అలవాటు పూర్తిగా పోలేదు. 1971లో ఆటగాళ్ళే ఓటు వేసుకుని బౌల్ వద్దన్నారు.

బౌల్ అంటే నిజంగా తేల్చుకునే ఆట అని నోటర్ డేమ్ నిరూపించింది 1973 డిసెంబర్ 31న, న్యూ ఓర్లీన్స్‌లో. ఎదురుగా అలబామా. రెండు జట్లూ ఆ సీజన్‌లో ఓడింది లేదు, అప్పటిదాకా ఒకదానితో ఒకటి తలపడిందీ లేదు. అలబామా ఒక ఎక్స్‌ట్రా పాయింట్ కిక్ (టచ్‌డౌన్ తర్వాత ఒక పాయింట్ కోసం కొట్టేది) తప్పింది, చివరికి ఆ ఒక్క పాయింటే తేడా అయింది. 24-23తో ముందున్న నోటర్ డేమ్, ఆఖరి నిమిషాల్లో తన గోల్ గీత ముందే ఇరుక్కుంది. అక్కడ నుంచి బంతి పంట్ చేస్తే, అంటే దూరంగా తన్ని అవతలి జట్టుకి అప్పగిస్తే, అలబామాకి గెలుపు ఒక ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) దూరం. కోచ్ ఆరా పార్సీగియన్ పాస్ వేయమన్నాడు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ టామ్ క్లెమెంట్స్ తన ఎండ్ జోన్‌లోనే (గోల్ గీత వెనక ఉండే జాగా) వెనక్కి జరిగి విసిరిన బంతి రాబిన్ వెబర్ చేతుల్లో పడింది. మామూలుగా పాస్‌లు అతని వైపు రావు, రెండో వరస ఆటగాడు. 35 గజాలు. ఆట అయిపోయింది.

ఇందులో ఒక తమాషా ఉంది. కోచ్‌లు ఓటు వేసే యూపీఐ ర్యాంకులు (ఇదీ మన ఫోన్ యూపీఐ కాదు, యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్) అప్పటికే బౌళ్ళకి ముందు అలబామాని చాంపియన్ అని ప్రకటించేసి ఉన్నాయి. ఆఖరి ఆట ఓడిన జట్టు చాంపియన్‌గా మిగిలిపోయింది. మరుసటి ఏడాది నుంచి యూపీఐ కూడా ఓటింగ్‌ని బౌళ్ళ తర్వాతకి జరిపింది. ఒకప్పుడు బౌళ్ళనే లెక్కచేయని జట్టు, బౌళ్ళకి విలువ తెచ్చిన జట్టయింది.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునే ఆట మాత్రం 1979 జనవరి 1 నాటి కాటన్ బౌల్. చాంపియన్‌షిప్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. డాలస్ ప్రాంతంలో ఇప్పుడున్న వేలాది తెలుగు కుటుంబాలకి అక్కడి ఐస్ తుపాను ఎలా ఉంటుందో వివరించక్కర్లేదు. ముందు రోజు కురిసిన వాన గడ్డకట్టి, ఫెయిర్ పార్క్ స్టేడియం మెట్లు, కుర్చీలు మంచు పలకలయ్యాయి. టిక్కెట్లు కొన్నవాళ్ళలో చాలామంది రానేలేదు. నోటర్ డేమ్ క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా ఒంట్లో బాగాలేకుండానే ఆట మొదలుపెట్టాడు. సగం ఆట అయ్యేసరికి వణుకు ఆగడం లేదు. ఒంటి వేడి 96 డిగ్రీలకి పడిపోయింది. మనం జ్వరం చూసుకునే లెక్కలో 98.6 మామూలు, ఇది దానికన్నా రెండున్నర డిగ్రీలు తక్కువ. లాకర్ రూమ్‌లో దుప్పట్లు కప్పి, వేడి చికెన్ సూప్ తాగించారు. బయట హ్యూస్టన్ జట్టు పాయింట్ల మీద పాయింట్లు కొడుతోంది.

ఆటలో 7 నిమిషాల 37 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు స్కోరు 34-12. అక్కడ నోటర్ డేమ్ ఒక పంట్‌ని అడ్డుకుంది, స్టీవ్ సిషీ ఆ బంతిని అందుకుని టచ్‌డౌన్ చేశాడు. తిరిగొచ్చిన మోంటానా ఇంకోటి చేశాడు. రెండుసార్లూ రెండేసి అదనపు పాయింట్లు కలిశాయి. 34-28. ఆఖరి అర నిమిషంలో హ్యూస్టన్ తన 29 గజాల గీత దగ్గర, నాలుగో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో చివరిది) ఒక్క గజం కావాల్సి, పంట్ కొట్టకుండా ముందుకే వెళ్ళింది. ఆపేశారు. గడియారం సున్నాకి చేరుతుండగా మోంటానా విసిరిన బంతిని క్రిస్ హేన్స్ ఎండ్ జోన్ మూలన పట్టుకున్నాడు. 34-34. ఎక్స్‌ట్రా పాయింట్ కిక్ పడింది, అమ్మయ్య అనుకునేలోగా రెఫరీ జెండా పడింది. పెనాల్టీ. అయిదు గజాలు వెనక్కి జరిగి మళ్ళీ కొట్టాలి. జో యూనిస్ మళ్ళీ కొట్టాడు, మళ్ళీ పడింది. 35-34. ఈ ఆటని ఇప్పటికీ చికెన్ సూప్ ఆట అనే పిలుస్తారు. మోంటానా తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోతో నాలుగు సూపర్ బౌళ్ళు (వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఫైనల్) గెలిచాడు.

లూ హోల్ట్జ్ కోచ్‌గా ఉన్న రోజుల్లో 1989 ఫియస్టా బౌల్‌లో వెస్ట్ వర్జీనియాని 34-21తో ఓడించి చాంపియన్‌షిప్ తెచ్చుకున్నారు. ఇప్పటికి ఆఖరిది అదే. 1991 ఆరెంజ్ బౌల్ ఒక జెండా దగ్గర చేజారింది: 10-9తో కొలరాడో ముందుండగా, నిమిషం కూడా మిగలని సమయంలో రాకెట్ ఇస్మాయిల్ పంట్ అందుకుని 91 గజాలు పరిగెత్తాడు, వెనక నుంచి అడ్డుకున్నారన్న పెనాల్టీతో అది చెల్లకుండా పోయింది. మరుసటి ఏడాది మూడు ఆటలు ఓడిన జట్టుకి షుగర్ బౌల్ పిలుపు వచ్చింది. నోటర్ డేమ్‌కీ చీరియోస్‌కీ (గిన్నెలో పాలు పోసుకుని తినే అల్పాహారం) తేడా ఏమిటి, చీరియోస్‌కి బౌల్‌లో ఉండే అర్హత ఉంది అంటూ ఒక వెయిటర్ తనకి జోకు వేశాడని హోల్ట్జ్ చెప్పుకున్నాడు. ఆ ఆటలో జెరోమ్ బెటిస్ ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే మూడు టచ్‌డౌన్లు చేస్తే ఫ్లోరిడా 39-28తో ఓడింది. జోకు మాత్రం బతికింది, దానికి కారణం తర్వాత వచ్చిన ఓటముల వరస.

1994 కాటన్ బౌల్‌లో టెక్సస్ ఏ అండ్ ఎంని 24-21తో ఓడించాక, నోటర్ డేమ్ వరసగా తొమ్మిది బౌళ్ళు ఓడింది. 1995 ఫియస్టా నుంచి 2007 షుగర్ దాకా. ఒరెగాన్ స్టేట్ 41-9, లూసియానా స్టేట్ 41-14 లాంటి ఓటములు అందులో ఉన్నాయి. కోచ్‌లు సరిగా లేరు, ఆటగాళ్ళు తగ్గారు అని విశ్లేషణలు చాలా వచ్చాయి. కొంత నిజమే. కానీ అసలు కిటుకు పిలుపుల పద్ధతిలోనే ఉంది. నోటర్ డేమ్ పేరుకి టీవీ ముందు కూర్చునేవాళ్ళు దేశమంతా ఉన్నారు. అభిమానులు ఎంత దూరమైనా వస్తారు. అందుకని దాని బలానికి తగ్గ బౌల్ కన్నా ఒకటి రెండు మెట్లు పైనున్న బౌల్ పిలిచేది. అక్కడ ఎదురయ్యేది దాని కన్నా మెరుగైన జట్టు. ఎనిమిది, తొమ్మిది గెలుపులతో వెళ్ళి పది, పదకొండు గెలిచినవాళ్ళతో తలపడితే ఫలితం ఏమవుతుంది? పేరు పందిట్లోకి తీసుకెళ్తుంది, బంతి మాత్రం పేరు చూడదు. చివరికి 2008లో చిన్నదైన హవాయి బౌల్‌లో హవాయి మీద 49-21తో ఆ శని వదిలింది. సొంత స్థాయికి తగ్గ ఆట దొరికింది మరి.

పెద్ద బౌళ్ళలో శని అప్పటికీ వదల్లేదు. 2013 జనవరిలో 12 ఆటలకి 12 గెలిచి చాంపియన్‌షిప్ ఆటకి వెళ్తే, సగం ఆటకే అలబామా 28-0. ఆఖరికి 42-14. 2018లో ప్లేఆఫ్ సెమీఫైనల్‌గా జరిగిన కాటన్ బౌల్‌లో క్లెమ్సన్ 30-3. 2021 జనవరి 1న 'రోజ్ బౌల్'లో మళ్ళీ అలబామా, 31-14. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ ఆట టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో పెట్టారు. అంటే పాసడీనా గిన్నెలో నోటర్ డేమ్ ఆడిన రోజ్ బౌల్ ఇప్పటికీ 1925 నాటిది ఒక్కటే.

2016 ఫియస్టా బౌల్ ఓటమి గురించి మాత్రం విడిగా చెప్పుకోవాలి. ఒహాయో స్టేట్ చేతిలో 44-28 అన్న స్కోరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నది జేలన్ స్మిత్ మోకాలు. వృత్తి ఆటగాళ్ళ లీగ్‌లోకి మొదటి నలుగురైదుగురిలో ఎంపికవుతాడని అందరూ అనుకున్న కుర్రాడు. తొలి క్వార్టర్‌లో లిగమెంట్లు తెగాయి, నరం దెబ్బతింది. రెండో రౌండ్‌లో 34వ వాడిగా డాలస్ అతన్ని తీసుకుంది. ఆ సీజన్ అంతా ఆడలేకపోయాడు. మొదటి అయిదుగురికీ 34వ వాడికీ మధ్య తేడా కోటికి పైగా డాలర్లు. చాంపియన్‌షిప్‌తో సంబంధం లేని ఆటలో ఇది జరిగింది. ఆ ఏడాది చివర్లోనే లెనర్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ తమ కాలేజీల బౌళ్ళు ఆడబోమన్నారు. అప్పట్లో స్వార్థం అని తిట్టారు. ఇప్పుడు అది రివాజు. ప్లేఆఫ్ కాని బౌల్‌కి సగం జట్టు రాకపోయినా ఎవరూ నోరెత్తరు.

2024లో ప్లేఆఫ్ నాలుగు జట్ల నుంచి 12కి పెరిగింది. నోటర్ డేమ్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ (కాలేజీ జట్ల కూటమి) లేని స్వతంత్ర జట్టు. పంచుకోవాల్సిన అన్నదమ్ములు లేని సంసారం లాంటిది: వచ్చిందంతా తనదే, రాకపోతే ఆదుకునేవాళ్ళూ లేరు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో సొంత మైదానంలో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16-14తో పరువు పోగొట్టుకున్న జట్టే, మార్కస్ ఫ్రీమన్ కోచింగ్‌లో ఇండియానాని ఓడించి షుగర్ బౌల్ చేరింది. న్యూ ఓర్లీన్స్‌లో కొత్త సంవత్సరం తెల్లవారుజామున జనం మీదికి ట్రక్కు ఎక్కించిన దాడి వల్ల ఆట ఒక రోజు వాయిదా పడి 2025 జనవరి 2న జరిగింది. సగం ఆట ముగిసే ముందు ఒక ఫీల్డ్ గోల్, ఒక టచ్‌డౌన్. రెండో సగం తొలి కిక్‌నే జేడెన్ హారిసన్ అందుకుని 98 గజాలు పరిగెత్తాడు. ఆట గడియారంలో 54 సెకన్లలో 17 పాయింట్లు. జార్జియా మీద 23-10. పెద్ద బౌల్ గెలవడం 1994 తర్వాత అదే మొదలు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో 7 సెకన్లుండగా మిచ్ జెటర్ కొట్టిన 41 గజాల కిక్‌తో పెన్ స్టేట్ మీద 27-24. ఫైనల్ మాత్రం ఒహాయో స్టేట్‌కి 34-23తో పోయింది. ఆ ప్రయాణానికి వచ్చిన సుమారు 2 కోట్ల డాలర్లలో ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు.

2025లో అదే స్వాతంత్ర్యం ఎదురు తిరిగింది. ఎంపిక కమిటీ వారాల పాటు మయామీ కన్నా నోటర్ డేమ్‌నే పైన ఉంచింది. చివరి వారం రెండూ ఆడనే లేదు. మధ్యలో ఉన్న బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) ఓడి కిందికి జారడంతో రెండూ పక్కపక్కకి వచ్చాయి, సీజన్ తొలి ఆటలో మయామీ 27-24తో గెలిచిన సంగతి అప్పుడు లెక్కలోకి వచ్చింది. మయామీ లోపలికి, నోటర్ డేమ్ బయటికి. ముఖాముఖి ఫలితానికి విలువ ఇవ్వడం తప్పనలేం. కానీ ఆ ఆట జరిగింది ఆగస్టులో. డిసెంబర్‌లో కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. కాన్ఫరెన్స్ టైటిల్ ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, స్వతంత్ర జట్టుకి ఆ దారి లేదు.

ఒకప్పుడు ఇంట్లో కూర్చున్నవాళ్ళకి కిరీటం ఇచ్చింది ఓటింగే. ఇప్పుడు బయట నిలబెట్టిందీ అలాంటి ఓటింగే. తేడా అల్లా, 1925 తర్వాత కాదన్నది రోజ్ బౌల్ లాంటి పిలుపుల్ని. 1996లో 8 గెలుపులతో, 2009లో 6 గెలుపులతో ఉన్నప్పుడు కాదన్నవి ఎవరూ పట్టించుకోని పిలుపులు. 2025 నాటిది ఈ రెండిటికీ మధ్య. పాత రోజుల్లో కారణం చదువు అన్నారు. ఈసారి ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ప్లేఆఫ్ కాని బౌల్‌కి ఇప్పుడు ఎంత విలువ ఉందో అందరికీ తెలుసు, నోటర్ డేమ్ దాన్ని బయటికి అనేసింది, అంతే. కోచ్‌లు మారిన అయోవా స్టేట్, కాన్సస్ స్టేట్ కూడా అదే వారాంతంలో బౌల్ వద్దన్నాయి. ఆరు గెలుపులు ఉండాలన్న నియమం పక్కన పెట్టి, అయిదు గెలుపుల జట్లని సైతం నిర్వాహకులు బతిమాలుకోవాల్సి వచ్చింది.

నోటర్ డేమ్‌కి దక్కాల్సింది ఓర్లాండోలో జరిగే పాప్-టార్ట్స్ బౌల్. ఇప్పుడు బౌల్ పేర్లలో పంటలు పోయి ప్యాకెట్లు వచ్చాయి. ఆట అయ్యాక మనిషంత పాప్-టార్ట్‌ని (లోపల తీపి నింపిన బిస్కట్ లాంటిది) మైదానంలోకి తెచ్చి గెలిచిన జట్టు చేత తినిపించడం అక్కడి వేడుక. ఖాళీ అయిన చోటికి జార్జియా టెక్ వచ్చింది, బీవైయూతో ఆడింది, వేడుక ఎప్పటిలాగే జరిగింది.